డాలస్ డూను అలాగే ఉండనివ్వండి

స్కాట్లండ్‌లో ఎప్పుడో మూతబడ్డ విస్కీ డిస్టిలరీలు ఈమధ్య ఒక్కొక్కటే మళ్ళీ తెరుచుకుంటున్నాయి. 2021లో బ్రోరా, 2023లో రోజ్‌బ్యాంక్, 2024లో పోర్ట్ ఎలెన్. ఇప్పుడు వరసలో డాలస్ డూ ఉంది. నలభై ఏళ్ళకు పైగా ఆగిపోయి మ్యూజియంగా మిగిలిన ఈ చిన్న డిస్టిలరీలో మళ్ళీ విస్కీ తయారు చేయించాలని, దాని బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ అనుకుంటోంది. నాకు తెలిసిన విస్కీ ఇష్టులందరికీ ఇది శుభవార్త. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఎందుకు కలగలేదో ఆలోచించుకుంటూ పోతే అది కాస్త పెద్ద వాదనే అయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉండేది అబర్డీన్‌లో. అక్కడి నుంచి ఇన్వర్నెస్ వైపు రెండు గంటలు కారులో వెళ్తే ఫోరెస్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరికి దక్షిణాన, పొలాల మధ్య ఉంటుంది డాలస్ డూ. ఇండియా నుంచి ఎవరొచ్చినా కోటలూ సరస్సులూ అయ్యాక నేను అక్కడికి తీసుకెళ్తాను. తాగేవాళ్ళనీ తీసుకెళ్ళాను, తాగనివాళ్ళనీ తీసుకెళ్ళాను. తాగనివాళ్ళే ఎక్కువసేపు చూశారు.

నా మాట ముందే చెప్పేస్తాను. స్కాట్లండ్‌లో నడిచే డిస్టిలరీలు నూటికి పైగా ఉన్నాయి. ఒక డిస్టిలరీ ఎలా ఆగిపోతుందో చూపించగలిగేది, లోపలి సామాను కదలకుండా, దాదాపు ఇదొక్కటే. దీన్ని మళ్ళీ నడిపితే నూటికి పైగా ఉన్నవాటిలో ఇంకొకటి చేరుతుంది. ఇది ఇప్పుడు చెబుతున్నది చెప్పేవాళ్ళు మాత్రం ఉండరు.

కట్టిందే చెడ్డకాలంలో

డాలస్ డూ పుట్టుక తెలిస్తే దాని చావు అర్థమవుతుంది. 1890ల్లో స్కాచ్ వ్యాపారం జోరు మీద ఉంది. ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని నాశనం చేయడంతో బ్రాందీ దొరక్క, ఇంగ్లండ్‌లో డబ్బున్నవాళ్ళు విస్కీకి అలవాటుపడ్డారు. గ్లాస్గో, లీత్‌లలోని బ్లెండర్లకు (రకరకాల విస్కీలు కలిపి అమ్మేవాళ్ళకు) ఎంత మాల్ట్ (మొలకెత్తిన బార్లీతో కాచిన విస్కీ) ఉన్నా చాలడం లేదు. స్పే నది చుట్టుపక్కల, అంటే స్పేసైడ్‌లో, పోటాపోటీగా డిస్టిలరీలు లేచాయి. అప్పటికే క్రెయిగెలాకీ, ఆల్ట్‌మోర్‌ల స్థాపనలో చేయి ఉన్న అలెగ్జాండర్ ఎడ్వర్డ్ 1898లో ఫోరెస్ దగ్గర తన ఎస్టేట్ భూమిలో ఇంకొకటి మొదలుపెట్టాడు. ప్లాన్ గీసింది ఎల్గిన్‌కు చెందిన చార్లెస్ డోయిగ్. బార్లీ ఆరబెట్టే కొలిమి మీద పగోడా ఆకారపు పొగగూడును స్కాట్లండ్‌కు అలవాటు చేసింది ఈయనే. ముందు అనుకున్న పేరు డాలస్‌మోర్. కానీ కట్టడం పూర్తికాక ముందే గ్లాస్గో బ్లెండర్లు రైట్ అండ్ గ్రెయిగ్ దాన్ని కొనుక్కున్నారు. వాళ్ళు అమ్మే బ్లెండ్ పేరు రోడెరిక్ డూ. దానికి తగ్గట్టు డిస్టిలరీ పేరును డాలస్ డూ అని మార్చారు.

అంటే ఈ డిస్టిలరీకి తన సొంత విస్కీకంటూ పేరు తెచ్చుకోవాలన్న ఉద్దేశమే ఎవరికీ లేదు. బ్లెండ్‌లో కలవడానికి పుట్టింది. బతికినన్నాళ్ళూ దాదాపు అదే పని చేసింది.

గోడలు లేస్తుండగానే, 1898 డిసెంబరులో, లీత్‌లోని ప్యాటిసన్ సోదరుల కంపెనీ చెల్లింపులు ఆపేసింది. ఆ అన్నదమ్ముల ప్రచారం గురించి ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. ‘ప్యాటిసన్ విస్కీ కొనండి’ అని పలికే చిలకల్ని వందల్లో పబ్బులకు పంచారట. ఆ ఆర్భాటం వెనక ఉన్నది అప్పులూ తప్పుడు లెక్కలే. 1901లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. వాళ్ళతోపాటు వాళ్ళకు సరుకిచ్చినవాళ్ళు మునిగారు, వాళ్ళను చూసి అప్పులిచ్చిన బ్యాంకులు మిగతావాళ్ళకు చేతులు ముడిచేశాయి. ఆ దెబ్బ ఎంత గట్టిదంటే, అదే సమయంలో మొదలైన గ్లెన్ ఎల్గిన్ తర్వాత స్పేసైడ్‌లో కొత్త డిస్టిలరీ కట్టడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది.

డాలస్ డూలో మొదటి విస్కీ దిగింది 1899లో. మార్కెట్ పడిపోయిన మరుసటి ఏడు. తర్వాతి చరిత్ర అంతా చేతులు మారడమే. మొదటి యుద్ధం అయ్యాక ఒకరి నుంచి ఇంకొకరికి పోయి, చివరికి 1929లో డిస్టిలర్స్ కంపెనీ లిమిటెడ్ చేతికి వచ్చింది. స్కాచ్ వ్యాపారంలో అప్పట్లో అంతకంటే పెద్ద కంపెనీ లేదు. అందరూ డీసీఎల్ అంటారు. 1930ల మొదట్లో కొన్నేళ్ళు మూసి ఉంచారు. 1939లో స్టిల్ హౌస్, అంటే విస్కీ కాచే రాగి పాత్రలు (స్టిల్స్) ఉండే గది, అగ్నిప్రమాదంలో కాలిపోయింది. వెంటనే రెండో యుద్ధం. మళ్ళీ సరిగా నడిచింది 1947 నుంచే. ఇన్ని తట్టుకున్న చోటు 1983లో, ఏ ప్రమాదమూ జరగకుండా, లెక్కల పుస్తకంలో ఒక గీతతో ఆగిపోయింది.

ఆ పదకొండు

1960లు, 70ల మొదట్లో అమెరికా, యూరప్‌లలో స్కాచ్ అమ్మకాలు పెరుగుతూనే పోతాయని అందరూ నమ్మారు. విస్కీతో ఉన్న చిక్కేమిటంటే, ఈ రోజు కాచినది అమ్మడానికి ఎనిమిదేళ్ళో పన్నెండేళ్ళో పడుతుంది. కాబట్టి తయారుచేసేవాడు ఎప్పుడూ భవిష్యత్తు మీద పందెం కాయాల్సిందే. చమురు ధరలు పెరిగాయి, మాంద్యం వచ్చింది, వడ్డీలు మండిపోయాయి, కుర్రకారు వోడ్కాకీ వైట్ వైన్‌కీ మళ్ళింది. గోదాముల్లో పీపాలు పేరుకుపోయాయి. ఆ నిల్వను అప్పటి పత్రికలు విస్కీ సరస్సు అన్నాయి.

1983లో డీసీఎల్ ఒక్క దెబ్బకు పదకొండు మాల్ట్ డిస్టిలరీలు మూసింది. ఆ పేర్లు వరసగా చదువుతూ ఒక్కో దానికి ఏమైందో చెప్పుకుంటే చాలు, నేను ఎందుకింత పట్టుబడుతున్నానో తెలుస్తుంది. ఇన్వర్నెస్‌లోని గ్లెన్ ఆల్బిన్, గ్లెన్ మోర్ ఎదురెదురుగా ఉండేవి. రెండింటినీ కూలగొట్టారు, ఇప్పుడక్కడ షాపింగ్ పార్కు. బ్రెకిన్‌లోని నార్త్ పోర్ట్ స్థలంలో సూపర్‌మార్కెట్ వచ్చింది. బాన్ఫ్ మిగల్లేదు. లిన్‌లిత్‌గోలోని సెయింట్ మాగ్డలీన్ అపార్టుమెంట్లుగా మారింది, ఫోర్ట్ విలియంలోని గ్లెన్‌లోకీది కూడా దాదాపు అదే దారి. నాక్‌డూను 1988లో వేరేవాళ్ళు కొని మళ్ళీ నడిపించారు. ఫోరెస్‌లోనే, డాలస్ డూకి కూతవేటు దూరంలో ఉన్న బెన్‌రోమాక్‌ను 1993లో ఎల్గిన్ వ్యాపారులు గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ కొన్నారు. అప్పటికి లోపల సామాను లేదు. కొత్త స్టిల్స్ పెట్టుకుని 1998లో తెరిచారు. బ్రోరా, పోర్ట్ ఎలెన్ సంగతి మొదట్లోనే చెప్పాను.

పదకొండోది డాలస్ డూ. చివరి పీపా నింపింది 1983 మార్చి 16న. 1986లో డిస్టిలరీ ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చింది, 1988లో జనానికి తెరిచారు. మూతబడ్డాక ప్రభుత్వం చేతికి వచ్చేదాకా గడిచిన ఆ మూడేళ్ళలో ఎవరూ రాగిని పీకి అమ్ముకోలేదు, చెక్క తొట్లు విప్పలేదు. ఈ ఒక్క విషయంలో దాని అదృష్టం బాగుంది.

మూసేయడానికి ఈ పదకొండింటినీ ఎంచుకున్నది వీటి విస్కీ బాగా లేదని కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మూతబడ్డవి నాసిరకం కాబట్టి మూతబడ్డాయని కొందరంటారు, మూతబడ్డవే అసలైన ఆణిముత్యాలని ఇంకొందరంటారు. రెండూ నిజం కావు. డాలస్ డూలో ఉన్నవి రెండే స్టిల్స్, ఒకటి ఊట కాయడానికి, రెండోది దాన్నే తిరగకాయడానికి. పెంచుకోవడానికి వీలు తక్కువ. అలాంటి చిన్న చిన్నవాటిని ఆపేస్తే, పెద్దవి పూర్తిగా నడుపుకోవచ్చు. ఆ లెక్క వేసినవాళ్ళు దుర్మార్గులేం కాదు. కానీ ఆ లెక్కలో లేనివి చాలా ఉన్నాయి. డిస్టిలరీ పక్క ఇళ్ళలో ఉండే కుటుంబాలు, పిప్పి పట్టుకెళ్ళి పశువులకు పెట్టుకునే రైతులు, స్టిల్ చప్పుడు వినే లోపలేం జరుగుతోందో చెప్పగల మనుషులు. నాలుగు దశాబ్దాల తర్వాత ఈ డిస్టిలరీల పేర్లు మళ్ళీ మార్మోగుతున్నాయంటే, ఆ మనుషుల్ని తలుచుకుని కాదు. సీసాల ధర పెరిగి.

పోర్ట్ ఎలెన్ పాత నిల్వను 2001లో మొదటిసారి ప్రత్యేకంగా విడుదల చేసినప్పుడు నూరు పౌండ్ల ప్రాంతంలో అమ్మారు. తర్వాత్తర్వాత అవే విడుదలలు వేల పౌండ్లకు చేరాయి. ఇక తయారుకాదు అని తెలిశాక సరుకుకు వచ్చే విలువ అది. మళ్ళీ తెరవాలనే ఆలోచనకు డబ్బు దొరికింది ఆ విలువను చూసే. 2017లో బ్రోరా, పోర్ట్ ఎలెన్‌ల కోసం వాటి యజమాని డియాజియో కంపెనీ ప్రకటించిన మొత్తం మూడున్నర కోట్ల పౌండ్లు.

బాబాయి మాట, పిన్ని మాట

ఒక వేసవిలో మా బాబాయి, పిన్ని వచ్చినప్పుడు డాలస్ డూకి తీసుకెళ్ళాను. బాబాయి ఒక చక్కెర మిల్లులో బాయిలింగ్ హౌస్‌లో పనిచేసి, మిల్లు మూసేసినప్పుడు ఇంటికొచ్చినవాడు. రావలసిన బకాయిలు ఏళ్ళ తరబడి రాలేదు. క్రషింగ్ సీజన్ అనే మాట ఇప్పటికీ ఆయన నోట వస్తుంటుంది.

లోపల ఆయనకు నేను వివరించాల్సిన పనే పడలేదు. బార్లీ మొలకల్ని పరిచే అంతస్తు, ఆరబెట్టే కొలిమి, పిండి పట్టే మిల్లు, వేడినీళ్ళలో తీపి దించే తొట్టి, పులియబెట్టే చెక్క తొట్లు. ఆయన ఒక్కొక్క దాని మీదకీ వంగి చూస్తూ, పైపు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో కళ్ళతోనే వెతుక్కుంటూ పోయాడు. ‘పిప్పి ఎక్కడికి పోతుంది?’ అని అడిగాడు. పశువులకు అన్నాను. తల ఊపి, ‘మాది బాయిలర్‌లోకి’ అన్నాడు.

స్టిల్ హౌస్‌లో చాలాసేపు నిలబడ్డాడు. ఆ రెండు రాగి పాత్రలు చల్లగా ఉన్నాయి. చేతితో తట్టి చూశాడు. అప్పుడన్నాడు. ‘ఒరేయ్, మా మిల్లు పాత ఇనుముకి పోయింది. ఇక్కడ దీన్ని తుడిచి పెట్టడానికి మనిషికి జీతం ఇస్తున్నారు. గొప్పే. కానీ తుడిచేవాడున్నాడు గాని నడిపేవాడు లేడు. నడిపే వీలుంటే నడపాలి రా.’

పిన్ని అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆమెది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ళలోనూ వేలంపాటలు ఆపించారు. పిన్ని వాళ్ళ ఊళ్ళో అలా ఆపించినవాళ్ళలో ఆమె ఒకతె. 1993లో సారాను ప్రభుత్వం నిషేధించింది. 1995లో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, రెండేళ్ళకే పోయింది. ఇవన్నీ ఆమెకు పేపర్లో చదివిన విషయాలు కావు. ‘ఆగిపోయిందిగా,’ అంది. ‘ఆగిపోయిన బట్టీ చూడ్డానికి బానే ఉంది. మళ్ళీ ఎందుకు వెలిగించడం?’

ఈ రెండు మాటల్లో పిన్ని మాటే నా వాదనకు దగ్గరగా ఉంది. కానీ ఆమె కారణం వేరు, నాది వేరు. ఆమె కారణాన్ని నేను వాడుకోను. నేను విస్కీ తాగుతాను, ఇష్టంగానే తాగుతాను. అయినా తెలుగులో విస్కీ గురించి రాసేటప్పుడు ఆ ఆడవాళ్ళను దాటేసి రాయడం నాకు చేతకాదు. మద్యం తయారీని ఊరికే అందమైన చేతిపనిగా వర్ణించి వదిలేస్తే అది సగం కథే. స్కాట్లండ్‌కు కూడా తాగుడు వల్ల జరిగే నష్టం బాగా తెలుసు, 2018 నుంచి మద్యానికి కనీస ధర చట్టం అమలు చేస్తున్న దేశం ఇది. కాబట్టి పిన్ని ప్రశ్న ఇక్కడ వింతైన ప్రశ్న కాదు.

బాబాయి మాటే నన్ను ఇబ్బంది పెట్టింది. ఇప్పటికీ పెడుతోంది.

నాకు ఎదురయ్యే వాదనలు

బాబాయి చెప్పినదాన్నే ఇక్కడి మిత్రుడొకడు ఇంకా గట్టిగా చెబుతాడు. బెన్‌రోమాక్‌ను చూడు అంటాడు. ఒకే ఊరు, ఒకే ఏడు మూతబడ్డ రెండు డిస్టిలరీలు. ఒకటి పనిచేస్తోంది, మనుషులకు జీతాలిస్తోంది, మంచి విస్కీ చేస్తోంది. రెండోది టిక్కెట్టు కొనుక్కుని చూసే గదుల వరస. ఫోరెస్‌లో పుట్టిన కుర్రాడికి ఏది కావాలి? నువ్వు అబర్డీన్ నుంచి కారేసుకొచ్చి నిశ్శబ్దం బాగుందని వెళ్ళిపోతావు.

ఇందులో కాదనడానికి ఏమీ లేదు. ఊరికి పని కావాలి. అయితే ఒకటుంది. ఇప్పటి డిస్టిలరీల్లో మనుషులు చాలా తక్కువ. మొలకల్ని బయటి నుంచి తెప్పిస్తారు, స్టిల్స్‌ను కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒక్కరే నడపవచ్చు, పీపాలు ఎక్కువగా వేరే ఊళ్ళలోని పెద్ద గోదాములకు పోతాయి. ఎక్కువ ఉద్యోగాలు విజిటర్ సెంటర్లోనే. ఆ ఉద్యోగాలు మ్యూజియంకు కూడా ఉంటాయి, దాని మీద శ్రద్ధ పెడితే.

రెండో వాదన కట్టడాల గురించి. వాడకపోతే పాడవుతుంది అంటారు. పైకప్పుల మరమ్మతు ఖర్చు ప్రభుత్వానికి భారమే, మ్యూజియం టిక్కెట్లతో అది తేలదు. నిజమే. తొట్లు ఎండిపోతే చెక్క పగులుతుంది. కానీ వాడితే ఏమవుతుందో కూడా చూడాలి. కాచిన కొద్దీ రాగి పల్చబడుతుంది. నడిచే డిస్టిలరీల్లో స్టిల్ భాగాల్ని కొన్నేళ్ళకోసారి మార్చక తప్పదు. 1983లో ఆగినప్పుడున్న రాగి ఇప్పుడక్కడ కనిపిస్తోందంటే ఆగిపోయింది కాబట్టే. ముట్టించిన రోజు నుంచి దాన్ని కొంచెం కొంచెంగా కోల్పోవడం మొదలవుతుంది. దానికి తోడు భద్రతా నిబంధనలు. ఆల్కహాల్ ఆవిరి ఉన్నచోట ఎవరినిబడితే వాళ్ళను ఒంటరిగా తిరగనివ్వరు. గుంపుగా నడిపిస్తారు, చాలాచోట్ల స్టిల్ హౌస్‌లో ఫోన్ తీయనివ్వరు. డాలస్ డూలో మా బాబాయి ఒక పైపును మొదటి నుంచి చివరి దాకా వెంబడించగలిగాడు. నడిచే డిస్టిలరీలో ఆయన్ని అలా ఎవరు వదులుతారు?

మూడోది, తెరిచినవాటిని చూసి సంతోషించమనే వాదన. బ్రోరాలో పాత స్టిల్స్‌నే బాగుచేయించి పెట్టారు, స్టిల్ హౌస్‌ను పాత రాళ్ళతోనే తిరిగి కట్టారు. చాలా శ్రద్ధగా చేసిన పని, చూసి మెచ్చుకున్నాను. పోర్ట్ ఎలెన్‌లో మాత్రం చాలావరకూ కొత్త కట్టడం, పాత కొలతలతో చేసిన కొత్త స్టిల్స్. రోజ్‌బ్యాంక్ అసలు స్టిల్స్‌ను 2008 చివర్లో రాగి దొంగలు ఎత్తుకుపోయారు, పాత డ్రాయింగుల ప్రకారం కొత్తవి చేయించారు. మిగలనిచోట కొత్తది కట్టడాన్ని నేను తప్పుపట్టను. అక్కడ కాపాడడానికి వేరే ఏమీ లేదు. డాలస్ డూలో ఉంది. అందుకే ఆ మూడింటికి సరిపోయిన న్యాయం దీనికి సరిపోదు.

‘మరి రుచి?’ అని అడిగేవాళ్ళుంటారు. డాలస్ డూ మాల్ట్‌ను ఒక బార్‌లో తాగాను. తేనె వాసనతో మెత్తగా ఉండే విస్కీ, పొగ తక్కువ. బాగుంది. దానికోసం డిస్టిలరీని తిరిగి తెరవాలన్నంత కాదు. పైగా తెరిచినా ఆ రుచి వస్తుందన్న హామీ లేదు. అప్పటి బార్లీ వేరు, ఈస్ట్ వేరు, ఎప్పటి నుంచో వాడుతున్న పీపాలు వేరు. మ్యూజియం చివర్లో చూడవచ్చినవాళ్ళకు పోసేది కూడా డాలస్ డూ మాల్ట్ కాదు, రోడెరిక్ డూ పేరున్న బ్లెండ్. అది నాకు సబబుగానే అనిపించింది. ఈ చోటు పుట్టింది ఆ బ్లెండ్ కోసమే.

మళ్ళీ అదే నమ్మకం

ఇంతకీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేళ. 1898లో అందరూ నమ్మారు, గిరాకీ పెరుగుతూనే పోతుందని. 1970ల్లో మళ్ళీ నమ్మారు. గత పదిహేనేళ్ళలో ఇంకోసారి నమ్మారు. ఉన్న డిస్టిలరీలను పెంచారు, కొత్తవి డజన్ల కొద్దీ కట్టారు, మూసినవి తెరిచారు. ఈ నమ్మకంలో మనవాళ్ళ పాత్ర కూడా ఉంది. సీసాల లెక్కలో 2024లో స్కాచ్ ఎక్కువగా వెళ్ళిన దేశం ఇండియా, 19 కోట్లకు పైగా సీసాలు. అందులో చాలా భాగం పీపాలూ ట్యాంకులతో వచ్చి మన దగ్గర సీసాల్లోకి దిగేది, మన బ్లెండ్లలో కలిసేది. 2025 జూలైలో రెండు దేశాలూ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం దిగుమతి సుంకం 150 శాతం నుంచి ముందు 75కి, పదేళ్ళలో 40కి దిగాలి. ఇక్కడి విస్కీ కంపెనీల అంచనాల్లో హైదరాబాద్, బెంగళూరు పేర్లు ఊరికే రావడం లేదు.

ఆ అంచనాలు నిజం కావచ్చు. కానీ అదే సమయంలో మిగతా మార్కెట్లు నెమ్మదించాయి, కొన్ని పెద్ద కంపెనీలే కొన్నిచోట్ల ఉత్పత్తి తగ్గించాయి, కొన్నాళ్ళు ఆపాయి కూడా. గోదాముల్లో నిల్వ మళ్ళీ పెరుగుతోందన్న మాట వినిపిస్తోంది. ఇలాంటప్పుడు, ఒక కూలుడు మధ్యలో పుట్టి ఇంకో కూలుడులో ఆగిపోయిన డిస్టిలరీని, మూడోది వస్తుందా రాదా అని అందరూ లెక్కలేసుకుంటున్న రోజుల్లో వెలిగించడం నాకు మింగుడు పడడం లేదు. విస్కీ ఎలా తయారవుతుందో చెప్పే డిస్టిలరీలు కావలసినన్ని ఉన్నాయి. విస్కీ వ్యాపారం తన లెక్క తప్పితే ఏం చేస్తుందో చూపించే చోటు ఇది. చేతులు మారిన దస్తావేజులు, కాలిన స్టిల్ హౌస్, చివరి పీపా తేదీ, ఎవరూ పీకెయ్యని రాగి, అన్నీ ఒకేచోట ఉన్నాయి. ఈ పరిశ్రమలోకి కొత్తగా వచ్చే ప్రతి మేనేజరునూ ఒక పూట ఇక్కడికి పంపించాలని నా కోరిక.

ఇదంతా రాసి బాబాయికి ఫోన్లో చదివి వినిపించాను. సాంతం విన్నాడు. ‘నీ వాదన నీకుంది. కానీ నేను ఆ పాత్రను తట్టినప్పుడు లోపల ఖాళీ చప్పుడొచ్చింది, అది నాకు నచ్చలేదు’ అన్నాడు. పని చేసినవాడి మాట అది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

అందుకే మొండిగా ‘వద్దు’ అనే బదులు ఒక మధ్యేమార్గం అడుగుతున్నాను. నడపక తప్పదు అనుకుంటే కొత్త స్టిల్స్, కొత్త తొట్లు ఆ ఆవరణలోనే వేరే షెడ్డులో పెట్టుకోనివ్వండి. అదే ఏటి నీరు, అదే పేరు వాడుకోనివ్వండి. 1983 నాటి స్టిల్ హౌస్, తొట్ల గది, పీపాలు నింపే గది మాత్రం వాళ్ళకు ఇచ్చే లీజులో చేర్చకండి. అక్కడ పనిచేసినవాళ్ళలో ఇంకా ఉన్నవాళ్ళు ఎనభైలకు దగ్గరపడుతుంటారు. పని మొదలుపెట్టే ముందు వాళ్ళ చేత ఆ ఏడాది ఏం జరిగిందో చెప్పించి రికార్డు చేసి, ఆ గదుల్లోనే వినిపించండి. ఇలా చేస్తే ఖర్చు పెరుగుతుంది, లైసెన్సు తీసుకునే కంపెనీకి లాభం రావడం ఆలస్యమవుతుంది. దానికి ఒప్పుకునే కంపెనీ దొరికేదాకా ఆగండి. ఆ స్టిల్స్ నలభై ఏళ్ళుగా ఆగే ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు ఆగితే వాటికి వచ్చే నష్టమేమీ లేదు.